చెరువు ఎండిన ఏడాది కృతజ్ఞత

కంభం చెరువు నిండిన ఏడాది మన నోట ‘అల్‌హమ్దులిల్లాహ్’ అన్న మాట ఎంత సులువుగా వస్తుంది! గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన ఈ చెరువు అడుగంటి, బోర్లు ఎండిపోయి, అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడిన ఏడాది కూడా ఆ మాట అదే మనసుతో వస్తుందా? ప్రతి విశ్వాసీ తనను తాను అడగవలసిన ప్రశ్న ఇది.

ఈ నది దిగువన జరిగిన ఒక సంఘటన మనల్ని ఆలోచింపజేస్తుంది. 1876–78 నాటి ఘోర కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. కాని తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. తమకు సాయం అక్కరలేదని, కష్టపడి బతుకుతామని వారు చేతుల బొబ్బలు చూపారనీ, మళ్లీ పంట పోతే ఈ విశ్వాసంతోనే చనిపోతామన్నారనీ ఆయన రాసుకున్నాడు.

విశ్వాస విషయంలో వారి దారి వేరు, మన దారి వేరు. అయినా న్యాయంగా మాట్లాడమని అల్లాహ్ మనల్ని ఆజ్ఞాపించాడు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి.

మొదటిది ఇచ్చేవారికి. అన్నం పెట్టి దానికి బదులుగా కృతజ్ఞతను కూడా ఆశించని పుణ్యాత్ములను సూరె దహ్ర్ ప్రశంసిస్తుంది. రంజాన్‌లో ఒక సంచి బియ్యమిచ్చి, ఏడాదంతా ఆ పేదవాడు మనకు సలాం చేయాలని ఎదురుచూస్తే, మనం చేసింది దానమా, బేరమా? చేసిన మేలును ఎత్తిపొడిస్తే దానం వ్యర్థమవుతుందని సూరె బఖరా హెచ్చరిస్తోంది.

రెండవది పుచ్చుకునేవారికి. అల్లాహ్ ముందు మనమంతా పుచ్చుకునేవారమే. మేలు కలిగితే తృప్తిపడి, పరీక్ష ఎదురైతే ముఖం తిప్పుకునేవాని సంగతి సూరె హజ్‌లో ఉంది. విశ్వాసికి సుఖంలో షుక్ర్, కష్టంలో సబ్ర్, రెండూ మేలేనని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ అయ్యూబ్ (అలై) సంపద, సంతానం, ఆరోగ్యం పోయినా ప్రభువు ద్వారాన్ని విడువలేదు.

అంటే బాధను దాచుకోవాలని కాదు. పైరు ఎండితే రైతు ఏడుస్తాడు. ఏడవడం తప్పు కాదు. హజ్రత్ యాఖూబ్ (అలై) కూడా ఏడ్చారు, కాని తన మొర అల్లాహ్‌కే వినిపించారు.

మనం రోజూ ఫర్జ్ నమాజుల పదిహేడు రకాతులలో పదిహేడుసార్లు ఫాతిహా చదువుతాము. అది ప్రభువు స్తోత్రంతోనే మొదలవుతుంది. కోరడం ఆ తరువాతే. బోరులో నీళ్లు పడిన రోజూ పదిహేడే, పడని రోజూ పదిహేడే. ఈ లెక్క మన హృదయంలోకి దిగితే చాలు.

అల్లాహ్ మనకు కలిమిలోనూ లేమిలోనూ కృతజ్ఞతాభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.