దో దస్ గాజుల లెక్క

గౌలిపురా, ఆదివారం

బిడ్డా,

నీ మెసేజ్ చూశాను. చివరి సంవత్సరం ప్రాజెక్టు అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరుకుతుందట, బైండింగుతో సహా ఎనిమిది వేలట, అమ్మకు చెప్పకుండా సర్దమన్నావు. రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించే కన్సల్టెన్సీ ఒకటి నీ స్నేహితురాలి అన్నకు తెలుసట, పోవచ్చా అని కూడా అడిగావు. ఫోన్లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

ముందు ప్రాజెక్టు సంగతి. లెక్కలు చెప్పుకునే నేను ఆ తర్వాత కంప్యూటర్ ల్యాబులో పడ్డాను, వైవాలకు ఎక్స్‌టర్నల్‌గా చాలా ఊళ్లు తిరిగాను. నల్ల రెగ్జిన్ అట్ట, దాని మీద బంగారు అక్షరాలు, లోపల ‘ఇది నేను స్వయంగా చేసిన పని’ అన్న మాట కింద సంతకం. ఒక కాలేజీలో ఒకే పూట మూడు ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’లు వచ్చాయి. మూడింటిలో ఒకే చోట ఒకే అక్షరదోషం. ఒకదాంట్లో స్క్రీన్ బొమ్మ మీద ఇంకెవరిదో కాలేజీ పేరు అలాగే ఉండిపోయింది. ఆ పిల్లవాణ్ని నేను పెద్ద ప్రశ్నేమీ అడగలేదు. లాగిన్ బటన్ నొక్కితే ఏ ఫైలు నడుస్తుందో చూపించమన్నాను. అతని చూపు తలుపు మీదికి పోయింది. తెలివితక్కువవాడేం కాదు. తాను చేయని పనికి జవాబు చెప్పాల్సిన కుర్చీలో కూర్చున్నాడు, అంతే.

అయినా ప్రాజెక్టు కోసం నీకు అమీర్‌పేట దాకా పోవాల్సిన పనేముంది? మీ నాన్న లెక్కలు రాసే లాడ్‌బజార్ దుకాణం ఉంది కదా. గాజుల సైజులు చిన్నప్పటి నుంచి వింటున్నదానివే: దో దో, దో చార్, దో ఛే, దో ఆఠ్, దో దస్. డబ్బాల మీద 2.2, 2.4, 2.6, 2.8, 2.10 అని రాసి ఉంటుంది. ఆ సైజును దశాంశ సంఖ్యగా డేటాబేసులో పెట్టి చూడు. 2.10 కాస్తా 2.1 అయిపోతుంది. వరుసలో పేర్చమంటే ఆ అయిదింటిలో పెద్ద గాజు పోయి 2.2 కంటే ముందు కూర్చుంటుంది. కంప్యూటర్ తప్పేం లేదు. ఆ చుక్క దశాంశ బిందువు కాదని దానికెవరూ చెప్పలేదు. చుక్కకు ముందున్నవి అంగుళాలు, తర్వాతవి అంగుళంలో పదహారో వంతులు. 2.4 అంటే లోపలి వ్యాసం రెండుంబావు అంగుళాలు, 2.8 అంటే రెండున్నర. మొత్తాన్ని పదహారో వంతుల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచావనుకో, 34, 36, 38, 40, 42 అని బుద్ధిగా వరుసలో నిలబడతాయి. తెర మీద చూపేటప్పుడు మళ్లీ దుకాణం లెక్కలోకి తేవాలి, లేకపోతే సేఠ్ నీ ప్రోగ్రామును ముట్టుకోడు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మట్టిగాజులు డజన్లలో పోతాయి, లక్కగాజులు సెట్లలో. దారిలో పగిలినవి ఏ పద్దులో రాయాలి? సగం సెట్టు తిరిగొస్తే? రంజాన్ నెల రాత్రుల్లో కౌంటర్ దగ్గర ఊపిరాడదు, అప్పుడు బిల్లుకు ఎన్ని మీటలు నొక్కమంటావు? మీ నాన్న పక్కన రెండు మూడు పూటలు కూర్చుని, ఆయన పుస్తకంలో ఏం రాస్తాడో, ఏం రాయకుండా గుర్తుంచుకుంటాడో చూడు. ఇలా కూర్చుని చూసి రాసుకునే పనికే కంపెనీల్లో పెద్ద హోదా పేరు పెట్టి జీతమిస్తారు.

ఏఐ రాసిపెట్టదా అంటావు. రాయనీ, నాకేం పట్టింపు లేదు. కానీ దో దస్ సంగతి దానికి చెప్పాల్సింది నువ్వే. వాడుకుంటే వాడుకున్నానని రికార్డులో రాయి. వైవాలో ప్రతి వరుసకూ నువ్వే జవాబు చెప్పు.

మీ ల్యాబులో ఇంకా ఆ నీలం తెర టర్బో సీయే నడుస్తోందని విసుక్కున్నావు. అది బోర్లాండ్ వాళ్లు 1987లో తెచ్చింది. పరీక్ష కోసం అందులో చేయక తప్పదు. విచిత్రమేమంటే జీసీసీ అనే కంపైలర్ మొదటిసారి బయటికి వచ్చిందీ ఆ ఏడే. దాన్ని ఇప్పటికీ కొత్త చేస్తూనే ఉన్నారు, పైసా ఖర్చు లేదు. ఇంట్లో అది పెట్టుకో. పాఠాలకు ఎన్‌పీటెల్ ఉంది, ఐఐటీ అధ్యాపకులవి, వినడానికి ఫీజు లేదు. ఇంట్లో గోలగా ఉంటే అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి పో. 1891లో ఆసఫియా పేరుతో మొదలైనప్పటి నుంచి ఎంతమంది బీద పిల్లలను చదివించిందో దానికే తెలియాలి.

ఇక అనుభవం కాగితాలు. పట్టుబడతావని భయపెట్టి మాన్పించాలని లేదు గానీ, ఎలా పట్టుబడతారో తెలుసుకో. 2014 నుంచి పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు వచ్చింది. ఎక్కడ ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో ఆ ఒక్క నంబరు కింద కనిపిస్తుంది. కంపెనీలు నీ అనుమతితోనే అది చూస్తాయి. చేరి ఏడాదైనా సరే, అబద్ధమని తేలితే ఆ రోజే బయటికి పంపుతారు. సరే, దొరకలేదే అనుకో. రెండేళ్ల అనుభవమని చేరినదానికి రెండేళ్ల అనుభవం పనే ఇస్తారు. నీకు రాదు. రాదని చెప్పడానికీ లేదు. రాత్రి పదింటికి పక్క సీటు పిల్ల ఇంటికి పోకుండా నీ పని కూడా చేస్తుంది, లేదా నువ్వు జీతంలోంచి ఇంకెవరికో కట్టి చేయించుకుంటావు. నన్ను అడిగితే ఆ రెండో సంగతే నాకు రోతగా ఉంటుంది.

ఫ్రెషర్‌నని చెప్పుకుంటే నష్టం లేదు. బీఎస్సీ వాళ్లను తీసుకుని, నౌకరీ చేయిస్తూనే ఎంటెక్ చదివించే పథకం విప్రోకు ఉంది. ఐసెట్ రాసి ఎంసీఏకు పోవచ్చు, అదిప్పుడు రెండేళ్లే.

నీ స్నేహితురాలు రెజ్యూమేలో శాలిబండ తీసేసి మెహదీపట్నం అని పెట్టుకుందట. నువ్వు ఆ పని చేయకు. మన బస్తీ పేరు చెబితే మొహం మార్చేవాళ్లు ఉన్నారు, లేరని నేననను. అయినా 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు అక్కడ మాత్రం ఏముంది, బండలే కదా! అంత దూరం రోజూ రాగలవా అని అడిగితే నిజం చెప్పు: ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ ఎక్కితే హైటెక్ సిటీలో దిగొచ్చు, గంటకు పైనే పడుతుంది, బండి ఆలస్యమైతే ఇంకా ఎక్కువ. మెట్రో ఎంజీబీఎస్ దాటి ఇటు వచ్చినప్పుడు చూద్దాం.

నువ్వడిగిన పైసలు పంపిస్తున్నా, ప్రాజెక్టు కొనడానికి కాదు. నీ పాత ల్యాప్‌టాప్ తీసుకుని సికింద్రాబాద్ సీటీసీకి పో, ర్యామ్ పెంచి ఎస్ఎస్‌డీ వేయించుకో. రెండు మూడు దుకాణాల్లో ధర అడుగు, వారంటీ కోసం బిల్లు తీసుకో. మీ అమ్మకు నేనే చెబుతాను. వచ్చే ఆదివారం వస్తా, అప్పటికి 2.10 ఎక్కడ కూర్చుందో నాకు చూపించాలి.

మీ మామ