గుండులేని తుపాకి

మొదటి ప్రపంచయుద్ధమునాటి విమానములను మరల కట్టి యెగురవేయువారు ఇంగ్లండు, అమెరికా, న్యూజిలండు దేశములలో పెక్కుమంది కలరు. వీరిలో ధనవంతులే కాక, ఇంటివెనుక కొట్టములో సాయంకాలములు గడపుచు ఏండ్లతరబడి ఒక్కొక్క బద్దను చెక్కుకొను సామాన్యులును ఉన్నారు. నాటి నమూనాపటములను సంపాదించి, తేలికకఱ్ఱతో రెక్కల గూడు కూర్చి, దానిపై బట్ట గప్పి, ఆ బట్ట డప్పుచర్మమువలె బిగియునట్లు పొరలుపొరలుగ లేపనము పూయుదురు. 1917లో బయలుదేరిన ఫోకర్ మూడురెక్కల విమానములు 320 మాత్రమే తయారైనవి. వానిలో సంపూర్ణమైనది నేడొక్కటియు మిగిలి లేదు. బెర్లిను ప్రదర్శనశాలలో భద్రపఱచినది రెండవ యుద్ధమునాటి బాంబులపాలయ్యెను. కావున నేడట్టి విమానము ఆకాశమున కనబడెనేని అది ప్రతికృతియే. ఈ నిర్మాతల యోపిక యెడల నాకు గౌరవము కలదు. చేతిపనిని చిన్నచూపు చూచుట కలవాటుపడిన మన విద్యావంతులు వీరినుండి నేర్వవలసినది చాల నున్నది. ఆ మాట యటుండనిండు.

ప్రశ్న తుపాకుల యొద్ద పుట్టుచున్నది. తిరుగుచున్న పంకా ఆకులను తాకకుండ వాని నడుమనుండి గుండ్లు వెడలునట్లు తుపాకిని ఇంజనుతో జోడించు సాధనమును 1915లో జర్మనులు యుద్ధమున ప్రవేశపెట్టిరి. అప్పటినుండి విమానచోదకుడు విమానమునే గుఱిపెట్టసాగెను. అనగా తుపాకి విమానమునకు తగిలించిన ఆభరణము కాదు. తుపాకిని మోయుటకే విమానము పుట్టినది. ప్రతికృతి కట్టువాడు దీనినేమి చేయవలెను? కొందఱు కఱ్ఱతోను రేకుతోను తుపాకి ఆకారము మాత్రము చేసి యూరకుందురు. కొందఱింకను ముందుకు పోయి మ్రోతనుగూడ కల్పింతురు. ఆక్సిజను, ప్రొపేను వాయువులను ఒక గొట్టములో కలిపి, మోటారు ఇంజనులోనివలె నిప్పురవ్వతో ముట్టించినయెడల గొట్టపు మూతినుండి మంటయు, చెవులు దిమ్మెరపోవు మ్రోతయు వరుసగ వెలువడును. గుండు మాత్రము రాదు.

ఇది పిల్లలయాట యని పరిహసించువారు కలరు. నేను వారితో నేకీభవింపను. తుపాకిని తీసివేసిన యుద్ధవిమానము అందమైన పక్షివలె కనబడును. అది తుపాకికంటె పెద్ద యసత్యము. చంపుటకై చేసిన వస్తువును చంపునట్టిదిగానే చూపవలెను. ఆకారమును గూర్చి నాకెట్టి సందేహమును లేదు. సందేహమెల్ల మ్రోతను గూర్చియే.

మన ఆలంకారికులలో శ్రీశంకుకుడు నటుని యనుకరణమును చిత్రములోని గుఱ్ఱముతో పోల్చెను. చిత్రమును చూచువాడు ఇది గుఱ్ఱమని పలుకును. అయినను దాని నెక్కబోడు. ప్రతికృతి విమానమును అట్టి చిత్రతురగమే యనుకొందము. అయితే ఆ నాట్యశాస్త్రమే యుద్ధమును, మరణమును అంకములో ప్రత్యక్షముగ చూపరాదనియు, ప్రవేశకములలో మాటలచే తెలుపవలెననియు నియమించినది. దీనిని కేవలము మర్యాద కొఱకైన నిషేధమని తలచువారు కలరు. నాకిందు మఱియొక వివేకము తోచుచున్నది. యుద్ధములో అనుకరింప వీలైనది ఆర్భాటమొక్కటియే. తక్కినది అనుకరణమునకు లొంగదు. లొంగనిదానిని విడిచి లొంగినదానిని మాత్రమే చూపినచో ప్రేక్షకునికి దొరకునది యుద్ధము కాదు, దాని పండుగ.

ఆ మ్రోత యెవరిదో విచారింపుడు. నాటి ఇంగ్లీషు తుపాకిగుండు సెకనుకు సుమారు 740 మీటర్ల వేగమున వెడలును. శబ్దవేగము 340 మీటర్లకు కొంచె మిటునటు. దగ్గఱనుండి కాల్చినప్పుడు మొదటి గుండు మ్రోతకంటె ముందే చేరును. ఆ గుండుచే చచ్చినవాడు ఆ తుపాకిని వినియుండడు. కావున ప్రదర్శనమైదానమున మనకు వినిపించునది కాల్చినవాని యనుభవమే. కుర్చీలలో కూర్చున్న వేలకొలది జనులు తమకు తెలియకయే తుపాకి వెనుకవైపున కూర్చున్నారు. ఆ వెనుకవైపు జ్ఞాపకమెట్టిదో తెలిసికొనుటకు రిక్టోఫెన్ సంగతి చాలును. ఎనుబది విజయముల నార్జించిన యా జర్మను యోధుడు ఒక్కొక్క విజయమునకు ఒక్కొక్క వెండిగిన్నె చేయించుకొనుచు వచ్చెను; అఱువదింటితో వెండి దొరకక మానుకొనెను.

కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్ ఇరువైపులను చూచినవాడు. నేడు ప్రతికృతికారులు మక్కువతో కట్టుచున్న ఎస్.ఇ.5ఎ విమానమునందే అతడు 1918 జూలై 6 మొదలు 19 వఱకు పది విజయములు పొందెను. 22వ తేదీన ఫ్రాన్సుమీద జరిగిన పోరాటమున తానే కూలెను. వయస్సు పందొమ్మిది. మన తెలుగువారిలో విశాఖపట్టణము, కాకినాడల ప్రజలు 1942 ఏప్రిలు 6న జపాను విమానములు బాంబులు వేసినప్పుడు ఆ హోరును క్రిందనుండి వినిరి. ఇండ్లకు తాళములు వైచి పల్లెలకు పరుగెత్తినవారికి అందు వినోదమేమియు తోచియుండదు.

న్యూయార్కు రాష్ట్రమున ఓల్డ్ రైన్‌బెక్ అనుచోట కోల్ పాలెన్ అను నాతడు పాతవిమానములను చేర్చి ప్రదర్శనలు నడపెను. అందు నల్లబారను అను దుష్టుడును, వానిని జయించు వీరుడును, ఒక నాయికయు కలరు. అది హాస్యనాటకమని యందఱికిని తెలియును గనుక దానివలన కీడు తక్కువయే యని నా యభిప్రాయము. గంభీరముగ నడచు ప్రదర్శనలయందే నాకు చిక్కు. కృత్రిమ తుపాకి మ్రోగును. ఎదుటి విమానమునుండి పొగ వెడలును. అది ఒరిగి చెట్లచాటునకు దిగును. కొంతసేపటికి చోదకుడు చేయి యూపుచు మైదానమునకు వచ్చును, జనులు చప్పట్లు కొట్టుదురు. అసత్యము గుండులేని తుపాకియందు లేదు. ఈ చేయి యూపుటయందున్నది. ఇంగ్లీషు విమానచోదకులకు ఆ యుద్ధము ముగియువఱకు పారాచూటు ఇయ్యబడలేదు. బట్టమీది లేపనము ఇట్టే అంటుకొనునట్టిది. తుపాకిని మ్రోగింపదలచినవాడు మ్రోగించుగాక. ఆ పొగను, ఆ దిగుటను మాత్రము మానవలెను. మ్రోత ముగిసినపిమ్మట ఆకాశమును కొంతసేపు ఊరక విడువవలెను.

ఇది నిర్మాతలకు నేను చెప్పవలసినది కాదేమో. ఎస్.ఇ.5ఎలో పెట్రోలు తొట్టి ఇంజనుకును చోదకుని గదికిని నడుమ, అతని కాళ్లకెదురుగ నుండును. పాతపటము ననుసరించి దానిని బిగించు ముదుసలి, కొలత సరిచూచుకొనుటకై ఒకమారు తానే ఆ గదిలో దిగి కూర్చుండును. అప్పటికి గొట్టములును వాయువును ఇంకను కొట్టమునకు రాలేదు.