ఒడ్డుకు కొట్టుకొచ్చిన సొమ్ము

నడిసముద్రంలో ఓడ పగిలింది. మనుషులు కొందరు మునిగిపోయారు, కొందరు ఎలాగో ఒడ్డెక్కారు. వాళ్ల వెనకే సరుకూ కొట్టుకొచ్చింది. ఇప్పుడది ఎవరిది? మన తీరంలో చాలాకాలం దీనికి ఒకటే జవాబు. ఒడ్డు ఎవరిదో సరుకూ వాళ్లదే. ఒడ్డు రాజుది కాబట్టి రాజుదే. గాలిని దేవుడు పంపాడు, ఓడవాడి కర్మ అట్లా కాలింది అనుకుంటే ఇక తీసుకునేవాడికి నిద్ర పట్టకపోవడమంటూ ఉండదు.

దీన్ని చట్టం సంగతిగా నేనెప్పుడూ చూడలేకపోయాను. పరాయివాడు ఆపదలో ఉన్నప్పుడు దేవుడు ఎవరి పక్షాన నిలబడతాడన్నదే నాకు కనిపించింది. బాపట్లలో చరిత్ర పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లల ముందు దీన్నే పెట్టేదాన్ని. ఎందుకంటే దీనికి మా జిల్లాలోనే ఒక రాజు రాతిమీద జవాబు చెక్కించి వెళ్లాడు.

చీరాల దాటి చినగంజాం వైపు పోతే మోటుపల్లి వస్తుంది. ఇవాళ చిన్న పల్లె. ఒకప్పుడు దేశదేశాల ఓడలు ఆగిన రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. దాని సారం ఇది. వెనకటి రాజులు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ గాలివానకు చిక్కి పగిలి ఒడ్డున పడ్డ ఓడల్లోంచి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం బలవంతంగా లాక్కునేవారు. మేము మాత్రం, సముద్రానికి తెగించి వచ్చిన వాళ్లమీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, ఏర్పరచిన సుంకం తప్ప మిగతాదంతా వదిలిపెడుతున్నాం. ఆ సుంకం ముప్పయ్యో వంతు. తర్వాత సరుకుల పట్టీ: గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు. దయ, ధర్మం అన్న మాటల కిందే మిరియాల మీద సుంకం ఎంతో కూడా ఉంది.

ఈ రాయి వీరభద్రుడి గుడిలో ఉండటం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. దక్షుడు యజ్ఞం చేశాడు, అల్లుణ్ణి పిలవలేదు, పిలవకపోయినా వచ్చిన కూతుర్ని అవమానించాడు. ఆ యజ్ఞాన్ని ధ్వంసం చేయడానికి పుట్టినవాడు వీరభద్రుడు. గడప దగ్గరికి వచ్చినవాళ్లని అవమానించిన చోట ఎన్ని హోమాలు చేసినా దేవుడు ఒప్పుకోడని ఆ కథలో నాకు వినిపిస్తుంది. శాసనం రాసినవాళ్ల మనసులో ఈ కథ ఉందని నేను చెప్పను. ఆ గుడిలో నిలబడి ఆ రాయి చూసినప్పుడు మాత్రం నాకు గుర్తొచ్చేది అదే.

మా పెద్దమేనమామ కొడుకు తెనాలిలో మినుముల వ్యాపారి. ఈ సంగతి ఎత్తితే ఊరుకోడు. "ఏమ్మా, మీ రాజుకి కావలసింది పుణ్యం కాదు, సుంకం. ఓడవాడు భయపడితే ఇంకో రేవుకి పోతాడు. అంతే లెక్క" అంటాడు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. రోడ్డుమీద లారీ బోల్తా పడితే డ్రైవర్ని లేపకముందే బస్తాలు మాయమవడం ఆయన కళ్లారా చూశాడు. భయం లేనిచోటే సరుకు నిలుస్తుందని ఆయనకి తెలిసినంతగా నాకు తెలియదు. "సరే బావా, లెక్కే అనుకుందాం. మరి మందడం సంగతేమిటి?" అని అడిగాను.

గణపతిదేవుడికి శైవదీక్ష ఇచ్చిన గురువు గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులు. ఆయనకు రుద్రమదేవి 1261లో కృష్ణ ఒడ్డున మందడం గ్రామం దానం చేసింది. ఆ దానం సంగతి చెప్పే మల్కాపురం శాసనంలో విద్యార్థులకు చదువు, రోగులకు ఆరోగ్యశాల, కాన్పులకు ప్రసూతిశాల, బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టే సత్రం, అన్నిటికీ ఏర్పాట్లున్నాయి. కాన్పుకి వచ్చిన బీదరాలి దగ్గర ఏం సుంకం వసూలవుతుంది? గురువు సత్రం తలుపు ఎవరికి తెరిచాడో, శిష్యుడు రేవు తలుపు వాళ్లకే తెరిచాడని నా నమ్మకం. లెక్కా ఉంది, కాదనను. ఆ లెక్కలో పరాయివాణ్ణి మనిషిగా జమకట్టినది మాత్రం ఆ మతమే.

పరాయివాణ్ణి ఇంకోలా జమకట్టిన మతమూ ఉండేది. సముద్రాల అవతల, ఇంకో వంద రెండువందల ఏళ్ల తర్వాత, మెక్సికోలో అజ్‌టెక్కులు ఉండేవారు. వాళ్లను క్రూరులని ఒక్క మాటలో తీసిపారేసేవాళ్లంటే నాకు సరిపడదు. సూర్యుడు కదలడానికి దేవతలే తమను తాము బలి ఇచ్చుకున్నారని వాళ్ల విశ్వాసం. ఆ ఋణం మనుషులు నెత్తురుతో తీర్చకపోతే లోకం ఆగిపోతుందన్నది వాళ్ల నిజమైన భయం. అందుకని యుద్ధంలో శత్రువుని చంపడం కంటే బలికోసం ప్రాణాలతో పట్టుకురావడమే గొప్ప. త్లాష్కలా అనే పొరుగు రాజ్యంతో అందుకోసమే పూలయుద్ధాలు అనే పోరాటాలు జరిపేవారు. అజ్‌టెక్ వర్తకులు, పోచ్‌టెకాలు, తమ దేవుడికి ప్రతీకగా చేతికర్ర పట్టుకుని దూరదేశాలకు బిడారులు నడిపేవారు. సరుకుతోపాటు శత్రుదేశాల ఆనుపానులూ రాజుకి మోసుకొచ్చేవారు. వర్తకుణ్ణి ఎక్కడైనా చంపితే అది దండయాత్రకి కారణం. త్లాష్కలాకు ఉప్పు, పత్తి అందకుండా ఏళ్ల తరబడి కట్టడి చేశారు. 1519లో స్పెయిన్‌వాడు కోర్టెస్ దిగినప్పుడు, మొదట అతనితో పోరాడిన ఆ త్లాష్కలా వాళ్లే తర్వాత అతని పక్కన చేరారు. 1521లో అజ్‌టెక్కుల రాజధాని కూలింది.

ఋణం మనకీ ఉంది. గృహస్థు రోజూ అయిదు యజ్ఞాలు చేయాలన్నారు. దేవతలకు, పితృదేవతలకు, ఋషులకు, భూతకోటికి, మనుషులకు. ఆ చివరిది అతిథిపూజ. అంటే ముక్కూ మొహం తెలియనివాడు మన బాకీదారు కాడు, మనమే వాడికి బాకీ. దేవుడి అప్పు తీర్చడానికి పొరుగువాణ్ణి పట్టుకెళ్లాలా, పొరుగువాడికి అన్నం పెట్టాలా అన్నచోట రెండు లోకాలు విడిపోయాయి. ఇలా అన్నంత మాత్రాన మనవాళ్లు చేతులు కట్టుకు కూర్చున్నారని కాదు. గణపతిదేవుడి సైన్యం మా రేపల్లె పక్కనున్న చందవోలునే, వెలనాటి చోడుల రాజధానిని, కొట్టింది. దివిసీమనూ గెలిచింది. ఎన్ని ఇళ్లు కాలాయో, ఎందరు ఆడవాళ్లు ఏడ్చారో ఏ శాసనమూ చెప్పదు. గెలిచాక జరిగింది మాత్రం వేరు. ఓడిన దివి ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను రాజు పెళ్లాడాడు. వాళ్ల అన్నదమ్ముడు జాయపను గజసేనకు అధిపతిని చేశాడు. ఆ జాయప తెనాలికి దగ్గర్లోని చేబ్రోలు నుంచి ఏలి, నృత్తరత్నావళి రాశాడు. పెళ్లిళ్లలో ఆ అక్కచెల్లెళ్ల ఇష్టం ఎవరైనా అడిగారా అని నాకు బాధే. అయినా ఓడినవాడు బలిపీఠం ఎక్కడం వేరు, బావమరిది కావడం వేరు. గణపతిదేవుడు స్వయంగా చిన్నతనంలో దేవగిరి యాదవులకు బందీగా చిక్కి, వాళ్లు వదిలిపెడితే వచ్చి రాజైనవాడు. తుఫానులోంచి బయటపడ్డవాడి భయం ఆయనకు పుస్తకంలో చదివిన విషయం కాదు.

1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను చిన్నపిల్లని. నీళ్లు తీశాక మా పెరటి కంచెలో ఒక ఇత్తడి బిందె చిక్కుకుని కనిపించింది. సొట్టపడింది, మెడ మీద ఎవరిదో ఇంటిపేరు పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. మా బిందెలన్నీ కొట్టుకుపోయాయి, నీళ్లు పట్టుకోవడానికి ఏమీ లేదు. అయినా అమ్మ దాన్ని ముట్టనివ్వలేదు. కడిగి, బొట్టు పెట్టి, అరుగు మీద కనపడేట్టు పెట్టింది. "వాళ్లు వస్తారు" అంది. ఎవరూ రాలేదు. తర్వాత దాన్ని గుడికిచ్చింది. అమ్మకి శాసనాలు తెలియవు, పంచయజ్ఞాల పేర్లూ తెలియవు. అజ్‌టెక్ తల్లి కూడా తన బిడ్డల్ని ఇంతే భక్తితో పెంచి ఉంటుంది. ఆ భక్తికి దారి చూపే కథే వేరు. అందుకే ఏ కథ చెబుతున్నామన్నది చిన్న విషయం కాదని నేను పట్టుపడతాను.

ఈ తీరాన వర్తకుణ్ణి మనవాడిగా చూసే ఆ కథ కాకతీయులతో మొదలు కాలేదు. రేపల్లె దగ్గరి భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే ధాతువులు దాచిన రాతి కరండాలు బయటపడ్డాయి. వాటిమీద ప్రాకృతంలో దాతల పేర్లున్నాయి. నిగమం వాళ్లు, అంటే వర్తకసంఘాల వాళ్లు, గోష్ఠులుగా చేరి ఇచ్చిన కానుక అది. కుబీరకుడనే రాజు వాళ్ల పక్కనే ఒక గోష్ఠికి పెద్దగా కనిపిస్తాడు. క్రీస్తుకు పూర్వమే రాజూ వ్యాపారీ ఒకే పెట్టెమీద పేర్లు వేయించుకున్న నేల ఇది.

బావ ఇప్పటికీ ఒప్పుకోలేదు. "అట్లా రానిస్తేనే గదా 1611లో నిజాంపట్నంలో ఇంగ్లీషు ఓడ దిగింది" అంటాడు. అది నిజం, గ్లోబ్ అనే ఓడ వచ్చింది. అభయం ఇచ్చినవాడికి తిరిగి అభయం దొరుకుతుందన్న హామీ ఏ ధర్మశాస్త్రమూ ఇవ్వలేదు. ఆ భయంతో తలుపు మూసుకోమని కూడా చెప్పలేదు. కాకతీయ రాజ్యం కూలాక, 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డి మోటుపల్లిలోనే మళ్లీ శాసనం వేయించాడు. వచ్చిన వర్తకులకు ఇక్కడ నివాసాలకు భూములిస్తాం, సరుకు ఇష్టమైనవాళ్లకు అమ్ముకోవచ్చు, వెళ్లిపోతామంటే ఆపం అన్నాడు. కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తిని రాజు కలుపుకునే అపుత్రికదండం కూడా మాన్పించాడు. గణపతిదేవుడు ఓడ పోగొట్టుకున్నవాడి దాకా వచ్చి ఆగాడు. అనపోతారెడ్డి, ఈ ఊళ్లోనే ప్రాణం పోయిన పరాయివాడి భార్యాబిడ్డల దాకా వెళ్లాడు.