తప్పెవరిదని అడిగితే

అమ్మాయ్,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్న దగ్గర్నుంచి మీ అత్తయ్యకు నిద్ర లేదు. నీకేం కాలేదన్నావు, ముందు అది చాలు. బంపర్ మీద జానెడు గీత, వెనక లైటుకు పగులు. అవి డబ్బుతో పోయేవి.

సెక్టార్ 15 మార్కెట్ పార్కింగ్‌లో రెండు కార్లూ ఒకేసారి వెనక్కొచ్చాయి. అవతలి కారాయన దిగుతూనే "గల్తీ కిస్‌కీ హై?" అని అరిచాడు. నువ్వు కంగారులో "సారీ అంకుల్, మేరీ గల్తీ" అనేసి, మూడు వేలు అక్కడికక్కడే ఫోన్‌లో పంపేశావు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, ముందు గుద్దింది ఆయనేనేమో అనిపిస్తోంది. ఇంతే కదా?

మన ఇళ్లలో ఎవరికైనా కాలు తగిలితే చెయ్యి దానంతటదే కళ్లకు పోతుంది. నీ సారీ అలాంటిదే, దానికి నిన్ను తప్పు పట్టను. "దెబ్బేమీ తగల్లేదు కదండీ?" అని అడుగు, వంద సార్లు అడుగు. కానీ "మేరీ గల్తీ" అనేది మర్యాద కాదు తల్లీ, వాంగ్మూలం. నీ కారు ఇన్సూరెన్స్ పాలసీ షరతులు ఒకసారి తీసి చూడు. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బివ్వడం, ఇస్తానని మాటివ్వడం కూడదని రాసుంటుంది.

నేను దీనికి సరిగ్గా ఎదురు పని చేశాను. మారుతి 800 కొన్న కొత్తలో నీలం చౌక్ దగ్గర ఒకాయనతో మండుటెండలో గంటన్నర వాదించాను. "మేరా గల్తీ నహీ, ఆప్‌కా గల్తీ" అని నేను గొంతు చించుకుంటుంటే చుట్టూ చేరినవాళ్లు నవ్వడం మొదలెట్టారు. హిందీలో తప్పు ఆడదని నాకేం తెలుసు? ఆ నవ్వుల్లోనే తగువు చల్లారింది. తర్వాత సర్వేయర్ వచ్చి బండి చూసి, ఎలా జరిగిందో రాసుకుని వెళ్లాడు. గంటన్నర నేను దేనికోసం అరిచానో ఆ మాట ఆయన అడగనేలేదు.

అడగక్కర్లేదు కూడా. పూర్తి పాలసీ ఉంటే నీ బండి రిపేరు నీ కంపెనీయే చూసుకుంటుంది, తప్పు నీదైనా సరే. అయితే ఆ దారిలో వెళ్లేముందు కాస్త లెక్క వేసుకో. 1500 సీసీ లోపు కారుకు మొదటి 1000 రూపాయలు నీ జేబులోంచే. విడిగా జీరో డిప్రిసియేషన్ తీసుకోకపోతే ప్లాస్టిక్ బంపర్ ఖరీదులో సగం తరుగు కింద కోస్తారు. పైగా నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 50 దాకా మెట్టుమెట్టుగా పెరుగుతుంది, ఒక్క క్లెయిమ్‌తో మళ్లీ సున్నా. మూడు నాలుగు వేల గీతకు క్లెయిమ్ వేసి అంతకు మించి పోగొట్టుకున్నవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. లేదు, అవతలివాడి నుంచే రాబట్టాలంటావా, సెక్టార్ 12 కోర్టులో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఉంది. ఆరు నెలల్లోపు వెయ్యాలి. లైటు పగిలిందని ఎవరు తిరుగుతారు!

మరి బండ్లు గుద్దుకున్న చోటే చెయ్యాల్సిందేమిటంటే, బండి కదపకముందే ఫొటోలు. గీత ఒక్కటే దగ్గర్నుంచి తీస్తే లాభం లేదు. నాలుగడుగులు వెనక్కెళ్లి, రెండు బండ్లూ, నేల మీది గీతలూ, ముందు చక్రాలు ఎటు తిరిగున్నాయో, ఆయన నంబరు ప్లేటూ కనపడేలా తియ్యి. పార్కింగ్ చీటీ మీద టైముంటుంది, పారెయ్యకు. చీటీ ఇచ్చే కుర్రాణ్ని సాక్ష్యం అడిగితే "మై తో ఉధర్ థా" అంటాడు, వాడి ఉద్యోగం వాడిది. కెమెరా ఉంటే ఆ గంట రికార్డింగు దాచమని ఆరోజే అడుగు. పాతదాని మీద కొత్తది ఎక్కుతూనే ఉంటుంది. వెనక్కి వచ్చే బండే ఎవరికీ ప్రమాదం లేదని చూసుకోవాలన్నది నియమం. ఇద్దరూ రివర్స్‌లోనే ఉంటే ఆ బరువు ఇద్దరిదీ, నీ ఒక్కదానిదే ఎలా అవుతుంది?

తాళాలు గానీ ఆర్‌సీ గానీ ఎవరి చేతికీ ఇవ్వకు, డిజీలాకర్‌లో చూపించు చాలు. గొంతు పెరిగితే కార్లో కూర్చుని అద్దాలెత్తి 112 కొట్టు. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఆస్పత్రికి పరుగెత్తాలి, 24 గంటలు దాటకుండా పోలీసులకు చెప్పాలి.

గొంతు పెరగడం అంటే గుర్తొచ్చింది. 1988 డిసెంబరు 27న పాటియాలాలో రోడ్డు మధ్య ఆపిన జిప్సీ గురించి మొదలైన తగువులో 65 ఏళ్ల పెద్దాయన పోయాడు. ఆ జిప్సీలో ఉన్నది క్రికెటర్ నవ్‌జోత్ సిద్ధు. ఆటగాడై, వ్యాఖ్యాతై, ఎంపీ అయి, మంత్రి కూడా అయ్యాక 2022 మేలో సుప్రీంకోర్టు ఏడాది జైలు వేసింది. లెక్కేసుకో, ముప్ఫై మూడేళ్లు. అవతలి ఇంటివాళ్లు అన్నేళ్లూ కోర్టుల చుట్టూ తిరిగారు. దారి అడిగితే దారి ఇచ్చేస్తే పోయే గొడవ అది.

ఆ మూడు వేల సంగతి మర్చిపో, మీ నాన్నకు నేను చెప్తాను. ఆదివారం భోజనానికి రా, మీ అత్తయ్య గోంగూర తెప్పిస్తోంది. బండి మాత్రం మా వీధి వేపచెట్టు కింద పెట్టకు. ఆ నీడ తనదేనని మూడో ఇంటాయన నమ్మకం. నాలుగేళ్లుగా నేనూ కాదనలేదు.

నీ
మామయ్య