గురువు బాధ్యతకు ఎల్ల యెక్కడ?

శ్రీకృష్ణ పరమాత్మ వెలసిన ద్వారకలో ఒకప్పుడు మద్యనిషేధము చాటబడెను. మునిశాపమున ముసలము పుట్టిన పిమ్మట, సుర కాచినవానిని బంధుసహితముగా కొరత వేయుదుమని ఆహుక, కృష్ణ, బలరామ, బభ్రుల పేర నగరమున దండోరా వేసిరి. భయముచే అందరును మానిరి. ఆ యాదవులే తీర్థయాత్రయని ప్రభాసమునకు వెడలి, స్వామి కన్నులయెదుటనే త్రాగిరి. సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచెను. మాటకు మాట పెరిగెను. తుంగ ముసలములై కులమంతయు నేలగూలెను. మౌసలపర్వములోని యీ కథ ఎరుగనివారు అరుదు. ద్వారకలో నిలిచిన శాసనము ప్రభాసమున ఏల నిలువలేదన్నది మాత్రము ఆలోచింపదగిన ప్రశ్న.

హైదరాబాదునుండి శంషాబాదుకు పోవు త్రోవలో ఆరాంఘర్ చౌరస్తా కలదు. సమీపముననే రాజేంద్రనగరు, అందు వ్యవసాయ విశ్వవిద్యాలయము. 2008లో విమానాశ్రయము తెరువబడిన పిమ్మట ఈ ప్రాంతపు రూపు మారినది. పొలములు, తోటలు ఫామ్‌హౌసులైనవి. ఏ కళాశాలయు తన ఆవరణలో మద్యమును ఒప్పదు. కనుక నగరములోని విద్యార్థుల పుట్టినరోజులు, వీడ్కోలు విందులు కొన్ని ఇట్టి తోటలకు తరలుచున్నవి. తెలంగాణములో 21 ఏండ్లు నిండనివానికి మద్యము అమ్మరాదని చట్టము. తలుపు మూసిన తోటలో వయస్సు అడుగువారెవరు? అర్ధరాత్రి దాటిన పిదప మోటారుసైకిళ్లపై తిరుగుప్రయాణము. కీడు జరిగినచో, “అది మా ఆవరణ కాదు” అను సమాధానము సిద్ధముగా నుండును.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకొనిపోయిరి. అందు మద్యప్రసక్తి లేదు. ఆనకట్టనుండి వదలిన నీరు వారిని ముంచెను. అయినను 2016లో అచ్చటి హైకోర్టు పరిహారములో కొంత భాగమును కళాశాలయు భరింపవలెనని తీర్పు చెప్పెను. అది కళాశాల తీసికొనిపోయిన యాత్ర. విద్యార్థులు తమంతట తాము పోయిన విందుకు అది వర్తింపదని వాదింపవచ్చును. న్యాయస్థానమున ఆ వాదము నిలిచిన నిలువవచ్చును. ధర్మము అడుగునది వేరు.

కచుని అసురులు మొదట చంపినది శుక్రుని ఇంట కాదు, ఆవులను కాయుచున్న అడవిలో. ప్రొద్దుగ్రుంకిన పిదప ఆవులు వచ్చెను, శిష్యుడు రాలేదు. “అడవి నా ఆశ్రమము కాదు” అని ఆచార్యుడు అనలేదు, సంజీవనితో పిలిచెను. చివరకు కచుని బూడిద కలిపిన సురను తానే త్రాగి, శిష్యుని మింగినవాడయ్యెను. వానిని బ్రదికించుటకు తన కడుపు చీలుటకును ఒప్పుకొనెను. సురాపానమును నిషేధించిన శాసనము ఆ తరువాతిది.

నేటి విద్యాలయములలో క్రమము తలక్రిందులైనది. త్రాగినచో హాస్టలునుండి వెళ్లగొట్టుదుమనుట మొదటిమాట. తోడివాడు స్పృహదప్పి పడియున్నప్పుడు, పిలిచినచో తమ పేర్లు బయటపడునని స్నేహితులు జంకుదురు. నిద్రించి లేచిన సరిపోవునని వానిని ఒక మూల పరుండబెట్టుదురు. వెల్లకిల పడియున్నవానికి వాంతి గొంతున అడ్డుపడి ప్రాణము పోవచ్చును. అమెరికాలోని పలు విశ్వవిద్యాలయములలో, సహాయమునకై పిలిచిన విద్యార్థిని ఆ త్రాగుడుకై దండింపరాదను నియమము కలదు. మన తల్లిదండ్రులు కొందరు దీనిని మెతకదనమందురు. ఇంతకంటె కఠినమైన శిక్ష ద్వారకలో ఉండెను కదా! నిషేధము ఉండవలసినదే, ఆవరణలో గట్టిగనే ఉండవలెను. దానితోబాటు వార్డెను ఫోను సంఖ్య ప్రతి విద్యార్థికిని కంఠస్థమై యుండవలెను, రాత్రి రెండు గంటలకు అది మ్రోగినపుడు, “ఎవరు త్రాగించిరి?” అని గాక, “ఎచ్చట నున్నారు?” అను ప్రశ్న ముందుగా రావలెను.