పని ముగిసిన గుఱ్ఱమునకు గడ్డి



పశువులకు గడ్డిని మొలిపించువాడు దేవుడే యని 104వ కీర్తన 14వ వచనము మనకు తెలుపుచున్నది. మొలిపించుట దేవుని పని. కోయుట, ఆరబెట్టుట, దాచుట, పంచిపెట్టుట మనుష్యుని పని. ఈ పంపకములోనే ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. పని చేయలేని పశువునకు ఆ గడ్డిలో పాలు కలదా?

ఇంగ్లండు వంటి చలిదేశములలో గడ్డికోత కాలము వచ్చినప్పుడు ఈ సందేహము స్పష్టముగా ఎదురుపడును. అక్కడ చలికాలమున పచ్చిక ఎదుగదు. కనుక జూన్, జూలై నెలలలో వాన లేని కొన్ని దినములు చూచుకొని, పల్లెవారు పచ్చిక బయళ్లను కోయుదురు, తిరుగవేసి యెండబెట్టుదురు, వాన తగులకమునుపే కొట్టములోనికి చేర్చుదురు. తడిగడ్డిని దాచినయెడల బూజుపట్టును. ఆ బూజు గుఱ్ఱపు ఊపిరితిత్తులకు హాని. 500 కిలోల బరువుగల గుఱ్ఱమునకు దినమునకు సుమారు 10 కిలోల ఎండుగడ్డి కావలెను. ఆరు నెలలకు లెక్కించినచో ఒక్క గుఱ్ఱమునకే 1,800 కిలోలు. కావున కోత కోయువాడు మోపులతోపాటు నోళ్లను కూడ లెక్కపెట్టుకొనును.

గుఱ్ఱము 25, 30 సంవత్సరములు బ్రదుకవచ్చును. బండికిగాని స్వారికిగాని పనికివచ్చు కాలము అంతకన్న తక్కువ. పైగా దాని పండ్లు జీవితమంతయు కొద్దికొద్దిగా పైకి వచ్చుచు, అరిగిపోవుచుండును. ముసలితనమున అరుగుటకు ఇక ఏమియు మిగులదు. ముదిరి కాడలైన గడ్డిని అది నమలలేక ఉండలుగా జారవిడుచును. దానికి లేతగా నున్నప్పుడు కోసిన మెత్తని గడ్డి, లేదా నానబెట్టిన దాణా కావలెను. అనగా ఏ పనియు చేయని జీవమే కోతలోని శ్రేష్ఠభాగమును అడుగుచున్నది!

లెక్క చూచువాని మాటను మనము తేలికగా త్రోసివేయరాదు. గడ్డి కొంచెమే యున్నది. పాలిచ్చు ఆవు ఉన్నది. పిల్లల పోషణ ఉన్నది. గుఱ్ఱము పని చేసినన్నాళ్లు మేత పెట్టితిని, ఇక మాకు బాకీ లేదని అతడనును. అతడు లేఖనమును కూడ చూపవచ్చును. నూర్పిడి చేయు ఎద్దునకు చిక్కము కట్టరాదను ద్వితీయోపదేశకాండము 25:4 లోని ఆజ్ఞను పౌలు ఎత్తి, దేవుడు ఎడ్లకొరకే దీనిని విచారించుచున్నాడా యని 1 కొరింథీయులకు 9:9 లో అడిగెను గదా!

పౌలు అక్కడ చిన్నదానినుండి పెద్దదానికి వాదించుచున్నాడు. ఎద్దునకే న్యాయము కలదన్నచో సువార్త సేవకునికి మరి యెంత న్యాయము కలదని అతని భావము. ఎద్దు విషయమై ఏ న్యాయమును లేనియెడల, దానిపై కట్టిన సేవకుని న్యాయమును కూలిపోవును. పునాదిని కాదని గోడను నిలుపువాడెవడు?

అయినను చిక్కమును గూర్చిన ఆజ్ఞ పని చేయుచున్న ఎద్దును గూర్చినదే. పని ముగిసినదాని మాటేమి? ఇక్కడ నిర్గమకాండము 23:12 చూడుడి. విశ్రాంతిదినము ఎద్దునకును గాడిదకును కూడ ఇయ్యబడినది. ఆ దినమున అవి ఏమియు సంపాదింపవు. అయినను ఆ దినమున మేత ఆపుమని ధర్మశాస్త్రము చెప్పలేదు. విశ్రాంతిదినమునందే ప్రతివాడును తన ఎద్దును గాడిదను కట్టువిప్పి నీళ్లకు తోలుకొనిపోవునని లూకా 13:15 లో ప్రభువు జ్ఞాపకము చేసెను. కాబట్టి మేత కేవలము కూలి కాదు. ముసలితనము పశువునకు ఒక దీర్ఘమైన విశ్రాంతిదినము. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరుగునని సామెతలు 12:10 చెప్పుచున్నది. దాని బలమును మాత్రమే ఎరుగుననలేదు.

అమ్మివేసినచో బాకీ తీరదా యని కొందరడుగుదురు. దీనికి చరిత్రలో ఒక సాక్ష్యము కలదు. 1914–1918 యుద్ధము ముగిసిన పిమ్మట బ్రిటిష్ సైన్యము తన గుఱ్ఱములలో వేలకొలది ఐగుప్తులోనే అమ్మివేసినది. 1930లో డొరోతీ బ్రూక్ అను స్త్రీ కైరో నగరమునకు వచ్చి, అవి ఎముకలు తేలి, కుంటుచు, ఇంకను బరువులు లాగుచుండుట చూచెను. 1931లో ఆమె లండనులోని మార్నింగ్ పోస్ట్ పత్రికకు లేఖ వ్రాయగా చదువరులు ధనము పంపిరి. మూడు సంవత్సరములలో సుమారు 5,000 గుఱ్ఱములను ఆమె కొనెను. వాటిలో అనేకము కుదుర్చుటకు వీలులేనివి. వాటికి మేతయు, మెత్తని పడకయు, కొద్ది దినముల విశ్రాంతియు ఇచ్చి, బాధలేని మరణము కలుగజేసెను. 1934లో కైరోలో ఒక ఆసుపత్రి స్థాపించి, బీదల పనిపశువులకు ఉచితముగా చికిత్స చేయించెను.

ఇందులో రెండు సంగతులు గమనింపదగినవి. ఆమె బీద బండివానిని నిందింపలేదు. వెల చెల్లించి కొనెను. దోషము వానిది కాదు, కంటికి కనబడనిచోటికి పంపివేసిన వారిది. రెండవది, కనికరమనగా ఎట్లైనను ప్రాణమును నిలుపుట మాత్రమే కాదు. బాధ మాన్పలేనప్పుడు పశువు కడవరి దినములను ఇతరులకు వదలివేయక, దగ్గరనుండి చక్కపెట్టుటయు కనికరమే. గుఱ్ఱము చేయి మారినది, బాకీ మారలేదు.

మన తెలుగు పల్లెలలో పచ్చిక బయళ్లకు బదులు వరిగడ్డి వాములున్నవి. గుఱ్ఱమునకు బదులు ఎద్దు ఉన్నది. ట్రాక్టరు వచ్చిన యిండ్ల కాడి దిగిన ఎడ్లు సంతకు పోయినవి. తన పిల్లలకే గంజి లేని బీదవాడు అమ్మినయెడల వానిపై రాయి వేయకుందుము. వానికి ఒక మోపు గడ్డి పంపుట సంఘస్థులమైన మన పని. కలిగినవారమైతే, పశువును కొనునాడే దాని ముసలి సంవత్సరములను కూడ వెలలో చేర్చుకొనవలెను. గోపురము కట్టగోరువాడు ముందుగా ఖర్చు లెక్కించునని ప్రభువు లూకా 14:28 లో చెప్పెను గదా.

మన దేవుడు మనలను ఉపయోగమును బట్టి లెక్కించువాడు కాడు. తల నెరసిన తన ప్రజలను తానే ఎత్తికొందునని యెషయా 46:4 లో ఆయన వాగ్దానము చేసెను. అట్టి కృపవలన బ్రదుకుచున్న మనము కోతకాలమున వామి వేయునప్పుడు, ఇక ఏమియు ఇయ్యలేని నోటికి కూడ ఒక పాలు తీసి పెట్టుదము గాక.