పిల్లల వినోదమూ, పెద్దల న్యాయమూ

కన్నబిడ్డ సంతోషం కోసం తండ్రి చేసే పనిలో తప్పేముంటుంది? ఈ ప్రశ్నకు చాలామంది దగ్గిర జవాబు సిద్ధంగా వుంటుంది. మొన్నటిదాకా నా దగ్గిరా వుండేది. హైదరాబాదు శివార్లలో వున్న ఒక వినోదోద్యానంలో మా రెండున్నరేళ్ళ అమ్మాయితో ఒక ఆదివారం గడిపి వచ్చిన తరవాత ఆ జవాబు నాకు చాలడం లేదు. ఆ ఉద్యానం పేరు యిక్కడ అనవసరం. నేను చెప్పబోయేది దాని ఒక్కదానికే చెందిన విషయం కాదు.

గేటు దగ్గిర గోడకు ఒక కొలబద్ద వున్నది. పిల్లలకు టిక్కెట్టు వయస్సును బట్టి కాదు, ఎత్తును బట్టి. తల గీత కిందనే వుంటే బిడ్డ. గీత దాటితే కొనుగోలుదారు. మా అమ్మాయి నాలుగు వేళ్ళు తక్కువై ఉచితంగా లోపలికి వచ్చింది. లోపల అది మొదట చూసినది రంగులరాట్నం. గుర్రాలు, ఏనుగులు, ఒక తెల్లని హంస. దాని ముందు యినప కడ్డీల మధ్య మెలికలు తిరిగిన పెద్ద వరుస. ముప్పావుగంట పడుతుందన్నారు. నిలబడ్డాం.

మాకు సరిగ్గా ముందు ఒక బస్సు డిపో మెకానిక్కు కొడుకును భుజాన యెత్తుకుని నిలబడి వున్నాడు. ఆ కుర్రవాడికి మూడేళ్ళుంటాయి. పది నిమిషాలలో పిల్లలిద్దరికీ స్నేహం కుదిరింది. మా అమ్మాయి చేతిలో బిస్కట్టు సగం వాడి చేతిలోకి పోయింది. మేమిద్దరం ఎండ గురించీ, డ్యూటీల గురించీ మాట్లాడుకున్నాం. ఈ ఒక్క రోజు కోసం ఆయన మూడు నెలల నుంచి కొంచెం కొంచెం వెనకేశాడట.

ఇంతలో మా అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. ఎండ, దాహం, నిద్ర. అక్కడ నిలబడ్డ వుద్యోగి వచ్చి, "ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టు తీసుకోండి సార్, అటుపక్క వరుస లేదు" అన్నాడు. నేను తీసుకున్నాను. మెకానిక్కు కడ్డీలకు ఆనుకుని నాకు దారి యిస్తూ, "వెళ్ళండి సార్, పాప ఏడుస్తోంది గదా" అన్నాడు. రెండు నిమిషాలలో మేం హంస మీద వున్నాం. రాట్నం తిరిగి వరుస ఎదటికి వచ్చినప్పుడల్లా మా అమ్మాయి వేలు చూపించి, "బాబు రాడా?" అని అడిగింది. "వస్తాడమ్మా, తరవాత వస్తాడు" అన్నాను.

జరిగినది యింతే. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. అయినా ఆ "తరవాత" అనే మాట నా గొంతులో అడ్డుపడ్డది.

మన పాఠకులలో కొందరు యీ పాటికి, "ఆ ఉద్యానమే ఒక మోసం అయినప్పుడు అందులో వరుస న్యాయమేమిటి, అన్యాయమేమిటి?" అనవచ్చు. ఈ మాటకు పెద్దల మద్దతు వున్నది. 1906లో అమెరికా వెళ్ళిన మాక్సిం గోర్కీ న్యూయార్కు దగ్గిర కోనీ ఐలండ్ వినోదశాలలు చూసి ఒక వ్యాసం రాశాడు. ఆ లక్షల విద్యుద్దీపాల వెనక ఆయనకు కనిపించినది ఆనందం కాదు, విసుగు. పనిలో నలిగిన జనానికి వుత్సాహం పేరుతో మత్తు అమ్ముతున్నారని ఆయన అభిప్రాయం. చరిత్ర కూడా ఆయన పక్షానే సాక్ష్యం చెబుతుంది. అదే కోనీ ఐలండ్‌లో 1884లో లామార్కస్ థాంప్సన్ అనేవాడు తలకు అయిదు సెంట్లు తీసుకుని వాలు పట్టాల మీద బండి నడిపాడు. అంతకు ముందు పెన్సిల్వేనియాలో బొగ్గు దింపడానికి వేసిన వాలు రైలుమార్గం మీద జనాన్ని సరదాకు తిప్పేవారు. థాంప్సన్ బండికి అది దారి చూపింది. శ్రమ కోసం పుట్టిన యంత్రం ఆటవస్తువు అయింది. ఆట మళ్ళీ సరుకు అయింది. వాల్ట్ డిస్నీ తన కూతుళ్ళను లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కించి, బెంచీ మీద కూర్చుని వుండగా తనకు పార్కు కట్టాలనే ఆలోచన వచ్చిందని చెప్పేవాడు. గ్రిఫిత్ పార్కు ప్రజలది. 1955లో తెరిచిన డిస్నీలాండు టిక్కెట్టు కొన్నవాళ్ళది.

ఇదంతా నిజమే. కాని గోర్కీతో నేను పూర్తిగా ఏకీభవించలేను. హంస మెడ పట్టుకుని, మొహానికి గాలి తగిలినప్పుడు మా అమ్మాయి నవ్విన నవ్వు అబద్ధం కాదు. దాన్ని ఏ కంపెనీ తయారు చెయ్యలేదు. మూడు నెలలు డబ్బు కూడబెట్టి కొడుకును తీసుకువచ్చిన మనిషి ఆనందాన్ని మత్తు అని కొట్టిపారెయ్యడం చదువుకున్నవాళ్ళ అహంకారం. పాత తిరణాలలే మేలు అని నిట్టూర్చడం కూడా దండగ. మా వూరి తిరణాలలో రాట్నాన్ని మనుషులు చెమటలు కక్కుతూ చేతులతో తిప్పేవారు. డబ్బులు లేని పిల్లలు దూరంగా నిలబడి చూసేవారు. ఆ చూసినవాళ్ళలో నేనూ వున్నాను. ఆనందం నిజమైనది గనకనే అది ఏ షరతుల మీద దొరుకుతున్నది అనే ప్రశ్న ముఖ్యమవుతుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. నేను కొన్నది ఏమిటి? నా డబ్బుతో రాట్నానికి కొత్త గుర్రం ఒకటీ చేరలేదు. అది వేగంగానూ తిరగలేదు. గంటకు ఎంతమంది ఎక్కగలరో అంతమందే ఎక్కారు. అయితే నేను కూర్చున్న చోటు ఎక్కడి నుంచి వచ్చింది? నా వెనక నిలబడ్డవాళ్ళకు నష్టం లేదు. ఎట్లాగూ నేను వాళ్ళకు ముందే వున్నాను. నష్టపోయినది నాకు ముందు నిలబడ్డవాళ్ళు. నా కంటే ముందు వచ్చి, నా కంటే ఎక్కువసేపు ఎండలో వున్నవాళ్ళందరూ నా మూలంగా వెనక్కు జరిగారు. మెకానిక్కు కూడా జరిగాడు. కంపెనీ నాకు అమ్మినది తన సొత్తు కాదు, వాళ్ళ నిమిషాలు. వాళ్ళ అనుమతి లేకుండా, వాళ్ళకు ఒక్క పైసా ముట్టకుండా అమ్మింది. నేను కొన్నాను.

"రైలులో తరగతులు లేవా? దేవుడి దగ్గిరే ప్రత్యేక దర్శనానికి టిక్కెట్టు వుండగా రాట్నం దగ్గిర ధర్మం వెతుకుతారా?" అనవచ్చు. రైలులో మొదటి తరగతివాడు మెత్తగా కూర్చుంటాడు గాని, జనరల్ పెట్టెలో వున్నవాడి కంటే ముందు వూరు చేరడు. ఎదటివాడి కాలాన్ని మింగే హక్కు వేరు జాతిది. దేవుడి దగ్గిర జరుగుతున్నంత మాత్రాన అది న్యాయం అయిపోదు. అన్యాయానికి అలవాటు ఎంత దూరం పాకిందో మాత్రం తెలుస్తుంది. రద్దీకి వేరే దారి లేదనడమూ నిజం కాదు. డిస్నీ పార్కులే 1999లో, లోపలికి వచ్చిన ఎవరైనా అదనపు రుసుము లేకుండా ముందుగా వేళ నిర్ణయించుకుని రాగలిగే పద్ధతి పెట్టాయి. 2021లో దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి తెచ్చాయి. అందరికీ యివ్వగలిగినదాన్నే కొందరికి అమ్మడం లాభసాటి అని తేలింది.

ఇక కన్నప్రేమ సంగతి. తన బిడ్డ ఏడిస్తే తండ్రి గుండె ముందు కదలడం సహజం. లోకంలోని బిడ్డలందరినీ సమానంగా ప్రేమించేవాడు బహుశా ఎవరినీ ప్రేమించనివాడై వుంటాడు. కాని మన విస్తట్లోది తీసి మన బిడ్డకు పెట్టడం వేరు, పక్క విస్తట్లోది తీసి పెట్టడం వేరు. ఏడుస్తున్న పసిపిల్లకు పక్కవాళ్ళు తమ వంతు యివ్వరా? యిస్తారు. "అన్నా, పాప ఏడుస్తోంది, కాస్త ముందు పోనిస్తారా?" అని అడిగివుంటే చాలామంది తప్పుకునేవారు. మెకానిక్కు అడగకుండానే తప్పుకున్నాడు. అడిగినప్పుడు ఆ నిమిషాలు వాళ్ళవని మనం ఒప్పుకుంటాం. వాళ్ళు యిస్తే అది దయ, మనం రుణపడతాం. కొన్నప్పుడు వాళ్ళు మనకు అడ్డంగా వున్న కడ్డీలతో సమానం. డబ్బు మనకు మిగిల్చినది కాలం ఒక్కటే కాదు, ఎదటి మనిషిని అడగవలసిన అవసరాన్ని కూడా తప్పించింది. మనిషికీ మనిషికీ మధ్య సంబంధం తెగేది సరిగ్గా అక్కడ.

తప్పు వ్యవస్థది అని నన్ను నేను సమాధానపరుచుకోవచ్చు. వ్యవస్థదే. నేనొక్కణ్ణి టిక్కెట్టు మానినంత మాత్రాన ఆ కిటికీ మూతపడదు. కాని వ్యవస్థ అనేది ఆకాశంలో వుండదు. నా జేబులోంచి తీసిన నోటు గుండా నడుస్తుంది. తరగతిలో సమానత్వం పాఠం చెప్పే నేను, వరుసలో దాన్ని ముప్పావుగంట కూడా భరించలేకపోయాను.

బాలల హక్కుల గురించి ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన ఒడంబడికలో ఆట ఒక హక్కు. 1992లో భారతదేశం దాన్ని అంగీకరించింది. హక్కు అన్నప్పుడు దానికి గేటూ, కొలబద్దా, పక్కదారి వుండకూడదు. ప్రతి పేటలోనూ నీడా, నీళ్ళూ, నాలుగు వుయ్యాలలూ వున్న పిల్లల పార్కు కావాలని అడగడం చిన్న కోరికగా కనిపిస్తుంది. పెద్ద కోరికలు కోరే మనం దాన్ని చాలాకాలంగా మహిళా సంఘాలకు వదిలేశాం. అది మన పని కూడా.

రాట్నం దిగి వస్తుంటే మెకానిక్కు యింకా వరుసలోనే వున్నాడు. ఆయన కొడుకు మా అమ్మాయిని చూసి చెయ్యి వూపాడు. ఇదీ వూపింది. ఆయనా నవ్వాడు. ఆయనకు కోపం రాకపోవడం నాకు వూరట కాదు. పిల్లలు మరిచిపోయి వుంటారు. కాని మా అమ్మాయి "బాబు రాడా?" అని అడిగినది నన్ను. దానికి యీ సమాజం తరపున జవాబు చెప్పినదీ నేనే.